పెళ్లి పత్రికల వెనక వంద మాటలు

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరో చెప్పగా వినేకంటే నా నోటితో వినడం మేలు. మా అమ్మ దగ్గర ఉన్నప్పుడూ ఇంతే, అత్తగారింటికి వచ్చాకా ఇంతే. మనిషిని మంచిదాన్నే, చేసేది కూడా మంచికే చేస్తాను. కానీ అనుకున్నది అనుకున్న నిమిషానికి కాకపోతే ఒళ్ళు మండిపోతుంది. ఈ కోపానికి గిన్నెలు సొట్టలు పడ్డాయి, రెండు ఫోన్లు పగిలాయి. వాటి గురించి నాకేం బాధ లేదు. ఒక ఎండాకాలం సెలవుల గురించి మాత్రం ఉంది.

ఆ ఏడు మా పాపకు రెండో తరగతి అయిపోయింది. నాచారంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉన్న ప్రైవేటు స్కూలు, ఇంగ్లీషు మీడియం. ఏప్రిల్ చివర్లో ప్రోగ్రెస్ కార్డు కోసం వెళితే క్లాస్ మేడం నన్ను పక్కన కూర్చోబెట్టింది. ఆమెది కోస్తా వైపు, మాట నెమ్మది.

“లెక్కలు బానే చేస్తుందండీ. చేతిరాత కూడా చక్కగా ఉంటుంది. రీడింగే రావట్లేదు. బోర్డు మీదున్నది చూసి నోట్సులోకి ఎక్కించుకుంటుంది గానీ, అదేంటో చదవమంటే నోరు తెరవదు” అంది.

ఒక కాగితం నా చేతిలో పెట్టింది. అందులో వంద ఇంగ్లీషు మాటలున్నాయి. పెద్ద మాటలేం కాదు. ద, వాజ్, దే, వేర్, బికాజ్ లాంటివి. ఏ పుస్తకం తెరిచినా ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి పిల్లలు వీటిని చూడగానే చదివెయ్యాలట.

“సెలవుల్లో రోజుకు ఐదు చేయించండి, చాలు. స్కూలు తెరిచిన రోజు నేనే చదివించి చూస్తాను. చదివితే థర్డ్ క్లాస్. లేకపోతే ఇంకో ఏడాది సెకండ్‌లోనే ఉంచుదామంటున్నారు ప్రిన్సిపల్ సర్. పాప మంచికేనండీ” అంది.

పాప మంచికేనట! తనతో చదివిన పిల్లలంతా పై క్లాసుకు వెళితే, మా పాప తన కంటే చిన్న పిల్లల మధ్య అదే గదిలో, అదే బెంచీ మీద కూర్చోవాలి. పాప నా చున్నీ పట్టుకుని పక్కనే నిలబడి అంతా వింటోంది. దాని ముఖం కూడా చూడకుండా, “చేయిస్తాను మేడం, ఎందుకు రాదో చూస్తాను” అని లేచి వచ్చేశాను.

నా భయం ఎక్కడిదో చెప్పాలి. నేను ఉప్పల్‌లో సర్కారు బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. డిగ్రీ ఎలాగో గట్టెక్కించాను. ఆ తర్వాత ఒక ఆఫీసులో ఉద్యోగానికి వెళితే, నా కంటే చిన్న అమ్మాయి ఒకామె ఎదురుగా కూర్చుని, ఇంగ్లీషులో ఉన్న కాగితం ఇచ్చి పైకి చదవమంది. మూడో లైనులో ఆగిపోయాను. ఎంత గింజుకున్నా నాలుగో లైనుకు నోరు పెగల్లేదు. “ఇట్స్ ఓకే” అని ఆమె నవ్విన నవ్వు నాకు ఇవాళ్టికీ గుర్తే. ఇప్పుడు నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపులో బిల్లింగ్ చేస్తాను. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే రాత్రి తొమ్మిదికి రావడం. మందుల పేర్లు చదవడం వచ్చు, అంతే. నా బిడ్డ ఎవరి ముందూ అలా నిలబడకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే బిడ్డ గురించి ఎంత భయపడ్డానో, నలుగురిలో నా తల కొట్టేసినట్టవుతుందని అంతకు రెట్టింపు భయపడ్డాను.

మా ఇంట్లో మేం నలుగురం. మా ఆయన పోచారంలో ఒక ఐటీ క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్, షిఫ్టు డ్యూటీలు. మా అత్తమ్మ పుట్టి పెరిగింది నాచారంలోనే. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట ఒకప్పుడు వాళ్లకు జొన్నచేలు ఉండేవట. ఆమె బడి మెట్టు ఎక్కిన మనిషి కాదు. తెలుగులో తన పేరు కూడా రాయలేదు. నేను రెండింటికి షాపుకు వెళ్ళాక పాపను చూసుకునేది ఆమే.

వంద మాటలకు వంద అట్టముక్కలు కావాలి. షాపులో రెడీమేడ్‌గా దొరుకుతాయి గానీ, ఇంట్లో అత్తమ్మ దాచిన పెళ్లి పత్రికలు ఉండగా కొనడమెందుకనుకున్నాను. బీరువా మీద ఒక సంచి నిండా ఉన్నాయి. ఏళ్ల తరబడి వచ్చినవి. దేవుడి బొమ్మ ఉంటుంది, పెళ్లి జంట పేర్లుంటాయి, చెత్తబుట్టలో వెయ్యొద్దని ఆమె పట్టు. మందమైన అట్ట, వెనక తెల్లగా ఖాళీ. సంచి దింపి కత్తెర పట్టుకుని కూర్చున్నాను.

అత్తమ్మ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఏందే, దేవుని బొమ్మలను గూడ కోస్తున్నవా? పాపం తగుల్తది!”

“దేవుణ్ణి కోస్తలేను అత్తమ్మా, పక్కపొంటి కోస్తున్న. సదువు కోసమే గద, దేవుడు ఏమనడు” అన్నాను.

నిజంగానే వినాయకుణ్ణి తప్పించి చుట్టూ కోశాను. అందుకే ఏ ముక్కా ఇంకో ముక్కలా రాలేదు. ఒకదాని వెనక బంగారు రంగు తీగ, ఒకదాని వెనక అరటాకు, ఇంకోదాని వెనక పెళ్లికూతురి పేరులో సగం. పత్రికల మూలలకు పసుపు రాసి పంచుతారు కదా, కొన్ని ముక్కల వెనక ఆ పసుపు మరక. తెల్లగా ఉన్న వైపు నల్ల స్కెచ్ పెన్నుతో మాటలు రాసి, అన్నీ పాత స్టీలు డబ్బాలో పోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోజూ పొద్దున పదింటికి మా చదువు. అంట్లు, బట్టలు అన్నీ అయిపోయేవి. కూలర్ ముందు చాప వేసి పాపను కూర్చోబెట్టేదాన్ని. బయట సందులో పిల్లలు అరుస్తూ ఆడుకునేవాళ్ళు, దీని ప్రాణమంతా అక్కడే ఉండేది. నేను ముక్క ఎత్తి చూపించేదాన్ని. అది ముక్క వైపు చూసేది కాదు, నా ముఖం వైపు చూసేది.

“మొకం సూస్తవేందే? నా మొకం మీద రాసున్నదా?” అని కసిరేదాన్ని.

ఏదో ఒకటి అనేది. తప్పైతే నా కనుబొమ్మలు ముడిపడేవి, వెంటనే ఇంకోటి అనేది. ఇవాళ వచ్చిన మాట రేపటికి ఉండేది కాదు. మొదటి రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు స్కేలు పక్కన పెట్టుకున్నాను. తప్పు చెబితే అరచేతి మీద ఒక్కటి. గట్టిగా కాదులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. గట్టిగానే కొట్టేదాన్ని.

మూడో వారంలో ఒక రోజు పాప తనంతట తాను డబ్బాను దగ్గరికి జరుపుకుంది. “మమ్మీ, నువ్వు చూపియ్యకు. నేనే తీస్త” అంది. సరే కానీ అన్నాను. ఒక ముక్క తీసింది, చూసింది, ఒకసారి తిప్పి వెనక వైపు చూసింది, మళ్ళీ ముందుకు తిప్పి, “వేర్” అంది. కరెక్టే. ఇంకోటి తీసింది. అదీ కరెక్టే. ఆ రోజు పదహారు చెప్పింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

“మంచిగనే చెప్తున్నవ్ గని, తిప్పి చూసుడు ఎందుకే?” అని అడిగాను.

“గట్ల తిప్పితె జల్ది గుర్తొస్తది మమ్మీ” అంది.

కొందరు ఆలోచించేటప్పుడు కాళ్ళు ఊపుతారు, కొందరు గోళ్ళు కొరుకుతారు. దీని అలవాటు ఇదన్నమాట అనుకున్నాను. అంతకు మించి నాకు బుర్ర పనిచెయ్యలేదు. పని చెయ్యనివ్వలేదేమో కూడా.

మే నెల చివరికి వంద మాటలూ గడగడా చెప్పేసింది. అబ్బ, ఆ వారం రోజులు మా ఇంట్లో పండగే! పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దులు పెట్టాను. కుల్ఫీ బండి వస్తే పిలిచి మరీ కొనిపెట్టాను. వీడియో తీసి మా వాళ్ళందరికీ పంపాను. బోడుప్పల్‌లో ఉండే మా చెల్లెలు వెంటనే ఫోన్ చేసి, “అక్కా, మా వాన్ని గూడ నీ దగ్గరికే పంపిస్త, నువ్వే చెప్పు” అంది. షాపులో ఓనర్‌కు చెప్పాను, పక్కన జిరాక్సు షాపు ఆమెకు చెప్పాను, అడగని వాళ్లకు కూడా చెప్పాను. ఉప్పల్‌లో మా అమ్మ వాళ్ళింటికి వెళితే డబ్బా సంచిలో వేసుకుని మరీ వెళ్ళాను. మా పెద్దనాన్న పిల్లలు, ఎదురింటి వాళ్ళు అందరూ చుట్టూ కూర్చుంటే, పాప మధ్యలో కూర్చుని ముక్క తియ్యడం, తిప్పడం, చెప్పడం. అందరూ చప్పట్లు కొట్టారు. “తల్లి పోలికనే” అంది మా అమ్మ. నాకు ఆ మాట ఎంత తీపిగా అనిపించిందో చెప్పలేను.

ఆ రోజుల్లో పాప నా వెనకే తిరిగేది. వంట చేస్తుంటే వచ్చి, “మమ్మీ, డబ్బ తేనా?” అనేది. తెమ్మంటే తెచ్చేది. ఒకటి చెప్పి నా వైపు చూసేది. నేను నవ్వేదాన్ని. నేను నవ్వగానే ఇంకోటి తీసేది.

జూన్ మొదటివారంలో పుస్తకాలు కొనడానికి స్కూలుకు వెళ్ళాం. క్లాస్ మేడం అక్కడే ఉంది. నేనింక ఆగుతానా? “వంద వచ్చేసినయ్ మేడం. కావాలంటే ఇప్పుడే అడగండి” అన్నాను.

“రీఓపెనింగ్ రోజు చూద్దాంలెండి, ఇప్పుడు ఆ పిల్లను ఎందుకు ఇబ్బంది పెట్టడం” అంది ఆవిడ. నేను వింటేనా! పట్టుబట్టాను. ఆవిడ టేబుల్ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అవే మాటలు, వేరే వరసలో ప్రింటు చేసి ఉన్నాయి. పాప చేతికి ఇచ్చింది.

పాప కాగితం చూసింది. తిప్పింది. వెనక తెల్లగా ఉంది. మళ్ళీ ముందుకు తిప్పింది. మళ్ళీ వెనక్కి. దాని వేళ్ళు కాగితం నాలుగు మూలలా తడుముతున్నాయి.

“వెనకాల ఏం లేదమ్మా, ఇటు చదువు” అని మేడం నవ్వింది.

నాకు ఆ క్షణంలోనే అర్థమైందని చెప్పను. ఇంటి దగ్గర ముక్కలు తిప్పి చూడటం మాత్రం గుర్తొచ్చింది. పాప మొదటి మాట దగ్గరే వేలు పెట్టి నిలబడింది. ఆ వేలు కదలలేదు. “చదువు, ఇంటి దగ్గర చదివినవ్ గద, చదువు” అని నేను వెనక నుంచి పొడుస్తున్నాను. మేడం కాగితం వెనక్కి తీసుకుని, “పర్లేదండీ, ఇంకా పది రోజులుంది. కంగారు పెట్టకండి” అంది. ఆవిడ గొంతులో జాలి ఉంది. నాకు తిట్టు కంటే జాలికే ఎక్కువ మండుతుంది.

గేటు దాటానో లేదో పాప చెంప మీద ఒక్కటిచ్చాను. ఎండలో, రోడ్డు మీద, కొత్త పుస్తకాల కట్ట ఒక చేత్తో పట్టుకుని. కూరగాయల బండి తోసుకుంటూ పోతున్న ఒకామె ఆగిపోయింది.

“ఓ అమ్మా! గంత చిన్న పోరిని గట్ల గొడ్తవేందమ్మా? ఎండల నిలవెట్టి!”

“నా బిడ్డ, నా ఇష్టం. నీకెందుకు? నీ బండి నువ్వు జూస్కో పో” అన్నాను. ఆమె పాప వైపు ఒకసారి చూసి బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఎవరో ఏమో, ఇప్పుడు కనిపిస్తే క్షమాపణ చెప్పాలనిపిస్తుంది.

ఇంటికి రాగానే డబ్బా తెచ్చి చాప మీద గుమ్మరించాను. మాటలున్న తెల్ల వైపు పైకి పెట్టి, ముక్కను కదలకుండా నేలకు నొక్కి పట్టుకుని, “ఇదేంది?” అన్నాను. తెలియదు. ఇంకోటి. తెలియదు. అప్పుడు ముక్కను బోర్లా తిప్పాను, మాట కనిపించకుండా.

“ఇది?”

“వేర్” అంది ఏడుస్తూనే. “మూలకు పసుపున్నది.”

“ఇది?”

“బికాజ్. అరటాకు.”

“ఇది?”

“దే. బంగారు తీగ వంకరున్నది.”

ఒక్కటి తప్పు లేదు. నా బిడ్డ వంద మాటల్లో ఒక్కటి కూడా చదవలేదు. పెళ్లి పత్రికల వెనకవైపులు చదివింది. రోజూ మధ్యాహ్నం నేను షాపుకు పోయాక డబ్బా ముందేసుకుని, నేను పొద్దున చెప్పిన మాటను దాని వెనకున్న గుర్తుతో కలిపి కలిపి గుండెలో పెట్టుకుంది. ఇంకెవరైనా అయితే ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఉప్పల్‌లో కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి, పంపిన వీడియోలు గుర్తొచ్చాయి. పరువంతా పోయిందనిపించింది.

“దొంగదానివే నువ్వు! ఇన్ని రోజులు నన్ను మోసం జేసినవ్ గద!” అని అరిచాను.

అత్తమ్మ లేచి వచ్చి పాపను తన వెనక్కి లాక్కుంది. “ఆగు పిల్లా. నూరు ముక్కలు. దేని ఎనుక ఏమున్నదో అంత యాదివెట్టుకున్నది. నీతోని అయితదా? నాతోని అయితదా?”

“యాదివెట్టుకుంటె ఏం ఫాయిదా అత్తమ్మా? బళ్ళె పెండ్లి పత్రికలిచ్చి చదువుమంటరా?”

పాప అత్తమ్మ నడుం చాటు నుంచి తల బయటపెట్టింది. వెక్కిళ్ళ మధ్య ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, “నేను చెప్తె నువ్వు నవ్వుతున్నవ్ గద మమ్మీ” అంది.

ఆ మాటకు నేను ఆగిపోవాల్సింది. ఆగలేదు. “రేపటి నుంచి చూడు, ఎట్ల రాదో చూస్త” అని ముక్కలన్నీ తీసుకెళ్ళి చెత్తలో పారేశాను. అత్తమ్మ ఆ రోజు దేవుడి మాట కూడా ఎత్తలేదు.

మిగిలింది పది రోజులు. ఈసారి తెల్లకాగితం తెచ్చి, స్కేలుతో కొలిచి, అన్నీ ఒకే సైజులో కోశాను. ఏ ముక్కకూ ఏ గుర్తూ లేకుండా చూశాను. మళ్ళీ పదింటికి చాప, మళ్ళీ కూలర్. కానీ పాప మారిపోయింది. తొమ్మిదిన్నర కాగానే కడుపు నొప్పి అనేది. నాటకాలు అనుకున్నాను. రెండు సార్లు నిజంగానే వాంతి చేసుకుంది. ఎదురుగా కూర్చుంటే గొంతు లేవదు. ముందు నా ముఖం చూసేదని చెప్పాను కదా, ఇప్పుడు ముఖం కూడా కాదు, నా కుడిచెయ్యి చూసేది. స్కేలు వాడనులే అని దూరంగా పెట్టేశాను, అయినా చెయ్యే చూసేది. నేను చెయ్యి వెనక్కి పెట్టుకుంటే, పక్కకు వంగి మరీ ఎక్కడుందో చూసుకునేది.

మా ఆయన ఒక పొద్దున డ్యూటీ నుంచి వచ్చి ఇదంతా చూశాడు. చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఫెయిలైతె ఫెయిలైతది. సస్తమా ఏంది? జర పిల్ల మొకం సూడు” అన్నాడు.

“నీకేం, నువ్వు డ్యూటీకి పోతవ్. రేపు దోస్తులందరు మూడుల, ఇది రెండుల కూసుంటె ఏడ్చేది అది, తల దించుకునేది నేను.”

“నీ తల కోసం దాని పానం తింటున్నవా?”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద చూపించాను కోపం. అంత తగిలినా మరుసటి రోజు పదింటికి మళ్ళీ కూర్చోబెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసిన రోజులవి, అయినా ఆపలేకపోయాను. ఆపితే దాన్ని నా చేతులతో రెండో తరగతిలో కూర్చోబెట్టినట్టేననిపించేది.

స్కూలు తెరవడానికి మూడు రోజుల ముందు అనుకుంటా, ఓనర్ ఇంట్లో ఏదో ఫంక్షన్ ఉండి షాపు సాయంత్రం ఐదుకే మూసేశాం. మెట్లెక్కుతుంటే లోపలి నుంచి పాప గొంతు వినిపించింది. గట్టిగా, కాస్త దబాయింపుగా.

“నానమ్మా, మధ్యల మాట్లాడకు. జర ఇను.”

“ఇంటున్న బిడ్డా. మల్లేమయింది?”

తర్వాత ఏదో ఇంగ్లీషు, ఒక్కో మాటా ఆగి ఆగి. గుమ్మం దగ్గర నేను చెప్పులు విప్పాను. ఆ చప్పుడుకే గొంతు ఆగిపోయింది. లోపలికి వెళ్ళేసరికి ఇద్దరూ మంచం మీద కూర్చుని ఉన్నారు, దిండు కింద నుంచి పుస్తకం మూల కనిపిస్తోంది.

“ఏం చదువుతున్నవ్?” అన్నాను.

“ఏం లేదు మమ్మీ. నానమ్మకు కథ చెప్తున్న.”

బొమ్మలు చూసి ఏదో కల్పించి చెబుతోంది అనుకున్నాను. అంతకు ముందు ఒకసారి మోసపోయాను కదా, మళ్ళీ నమ్ముతానా? “కథలు తర్వాత. పొద్దుగాల చెప్పిన ఐదు మాటలు చెప్పు” అని కాగితం ముక్కలు తీశాను. ఒక్కటి కూడా చెప్పలేకపోయింది. అత్తమ్మ నా వైపు చూసింది.

స్కూలు తెరిచిన రోజు ముందు రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున పాపకు జడలు వేస్తుంటే దాని మెడ చల్లగా చెమట పట్టి ఉంది. “భయపడకు బిడ్డా” అన్నాను. నా గొంతు నాకే గద్దించినట్టు వినిపించింది.

మేడం పాపను తన టేబుల్ పక్కన నిలబెట్టుకుని కాగితం ముందు పెట్టింది. నేను వెనక నిలబడ్డాను. పాప కాగితం చూసింది. తర్వాత మెల్లగా మెడ తిప్పి నా కుడిచెయ్యి వైపు చూసింది. మళ్ళీ కాగితం, మళ్ళీ చెయ్యి. మేడం దాని చూపు వెంటే చూసింది. నేను చెయ్యి చున్నీ కిందికి దాచుకున్నాను.

“మీరు కాసేపు బయట కూర్చోండమ్మా” అంది మేడం.

“నేనుంటే దానికి ధైర్యం మేడం.”

“లేదండీ. బయట కూర్చోండి.” మాట నెమ్మదిగానే ఉంది, కానీ కూర్చోక తప్పదు.

వరండాలో కిటికీ కింద బెంచీ ఉంది. దాని మీద కూర్చుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. కాసేపు లోపలి నుంచి ఏమీ వినపడలేదు. అయిపోయింది, ఇంకో ఏడాది అనుకున్నాను. అప్పుడు గొంతు వచ్చింది. సన్నగా, ఒక్కో మాటా. ఒక చోట తప్పు చదివింది, ఆగింది, ఎవరూ ఏమీ అనకముందే తనే సరిచేసుకుంది. మళ్ళీ ముందుకు. పోను పోను గొంతు పెరిగింది. మొన్న మంచం మీద నానమ్మను దబాయించిన గొంతే అది.

ముందు ఆనందం పట్టలేక లేచి లోపలికి పరిగెత్తబోయాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. నేను కనిపిస్తే ఆ గొంతు ఆగిపోతుందని గుర్తొచ్చింది. మొన్న చెప్పుల చప్పుడుకే ఆగింది కదా. దానికి చదువు రాకపోవడం కాదు. నేను ఎదురుగా ఉంటే రావడం లేదు. పొద్దున నేను చెప్పిన మాటలనే, నేను షాపుకు పోయాక ఆ దిండు కింద పుస్తకంలో వెతుక్కుని నానమ్మకు చదివేదన్నమాట. ఇంత చిన్న సంగతి ఇల్లంతటికీ తెలుసు, కూరగాయల బండి ఆమెకు కూడా తెలుసు, నాకు ఒక్కదానికే తెలియలేదు. వచ్చి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.

మేడం పాపను వెంటబెట్టుకుని బయటికి వచ్చింది. “ఎనభైకి పైనే చదివిందండీ. థర్డ్‌లో కూర్చోబెడుతున్నాం. పది రోజుల్లో భలే మార్పు. ఇంట్లో ఎవరు చదివించారు?”

నేను నోరు తెరిచేలోపే పాప చెప్పింది. “నానమ్మ.”

“నానమ్మ టీచరా?”

“కాదు మేడం. నానమ్మకు ఏం రాదు. నేను చదువుతె ఇంటది.”

మేడం నా వైపు చూసింది. నేను నవ్వాను. ఏం చెయ్యను మరి? పాప మూడో తరగతి గది వైపు నడిచింది. బ్యాగు దాని వీపు కంటే పెద్దగా ఉంది. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని ఆ గది తలుపు మూసేదాకా నిలబడ్డాను.

ఆ ఏడు దసరా సెలవులకు కూడా స్కూలు నుంచి మాటల కాగితం వచ్చింది. తీసుకెళ్ళి అత్తమ్మ చేతిలో పెట్టాను. పదింటికి వాళ్ళిద్దరూ కూర్చుంటే, నేను బట్టలు ఆరేసే నెపంతో మేడ మీదకు వెళ్ళేదాన్ని. బట్టలు ఆరేయడం అయిపోయినా అక్కడే నిలబడేదాన్ని. ఇప్పటికీ అంతే. పాప వాళ్ళ నాన్న బండి మీద ముందు కూర్చుని ఉప్పల్ దాకా దారిలో కనిపించిన బోర్డులన్నీ చదువుతుందట. మా చెల్లెలికి ఫోన్‌లో కథ చదివి వినిపిస్తుంది. నాకు మాత్రం ఒక్క మాట చదివి వినిపించలేదు.

ఒకసారి పక్కన పడుకోబెట్టుకుని, “ఇంక ఎన్నడు కొట్టను బిడ్డా, తప్పయింది” అన్నాను. “సరే మమ్మీ” అంది. హోంవర్కు చెయ్యమంటే ఎలా అంటుందో అలాగే అంది.

అడిగితే చదువుతుంది, నాకు తెలుసు. వద్దనదు. పుస్తకం తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటుంది, నా చెయ్యి ఎక్కడుందో ఒకసారి చూసుకుంటుంది, తర్వాత మొదలుపెడుతుంది. అందుకే అడగను.